సున్నా రానివ్వండి

రెండో కౌంటరుకు కొత్త కాటా బిగించడానికని ప్రోగ్రామరు పార్సిల్ గోడౌనుకు వచ్చేసరికి, మేనేజరు గది బయట బెంచీ మీద తుపాను కూర్చుని ఉంది. ఆమె కూర్చుని ఉండగా అతను చూడటం అదే మొదటిసారి.

ఆమె అసలు పేరు హాజరు వేసేవాళ్ళకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. గోడౌనంతటికీ ఆమె తుపానే. నలభై దాటిన సన్నటి మనిషి. మొదటి కౌంటరు దగ్గర నిలబడి, వచ్చిన పార్సిల్‌ను కాటా మీద పెట్టి, స్కానరు చూపించి, మిషను బయటికి తోసిన స్టిక్కరు అంటించి, బెల్టు మీదికి నెట్టడం ఆమె పని. చెప్పుకోవడానికి ఏమీ లేని పని. కానీ ఆమె చేస్తుంటే పక్కవాళ్ళు తమ పని ఆపి మరీ చూసేవాళ్ళు. రద్దీ ఎక్కువైన రోజున ఇంకో కౌంటరు తెరవాలా అని ఎవరైనా అడిగితే, ‘తుపాను ఉందిగా’ అనేవాడు మేనేజరు. ఆ మాటకు ఆమె పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేది.

ఇవాళ ఆమె సంచీ సెక్యూరిటీ గార్డు చేతిలో ఉంది. స్టూలు మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, మడత గొడుగు, తలనొప్పి మందు, ఒక జత చేతితొడుగులు పడ్డాయి. గార్డు గొడుగు కూడా విప్పి చూశాడు. అందులో ఏం దొరుకుతుందనుకున్నాడో అతనికే తెలియాలి.

“ఏం లేదు సార్,” అన్నాడు గది వైపు తిరిగి, ఏమీ దొరక్కపోవడం తన తప్పే అన్నట్టు.

ఆమె గొడుగు అందుకుని, మడతలన్నీ వేలితో సరిచేసి, గుండీ పెట్టి, సంచీలో పెట్టుకుంది. ప్రోగ్రామరును చూసి, “బాగున్నారా సార్?” అంది. మర్యాద ఎక్కడికి పోతుంది. అతను తలాడించి గదిలోకి వెళ్ళాడు.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. కడుపులో మంటకు బిళ్ళలు చప్పరిస్తూ, అందరినీ మీరు అని పిలుస్తూ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పై ఆఫీసు ఫోన్లకు సమాధానాలు చెప్పుకునే మనిషి. ప్రోగ్రామరుకు కుర్చీ చూపించి గొంతు తగ్గించాడు.

“మన పార్సిళ్ళను అవతల ఊరి గోడౌన్లో మళ్ళీ తూస్తారు కదండీ. ఈ మధ్య కొన్ని అక్కడ తక్కువ తూగుతున్నాయి. అన్నీ మొదటి కౌంటరువే. అన్నీ ఈవిడ డ్యూటీలో ఉన్నప్పుడు వెళ్ళినవే. వారం క్రితమే ఈవిణ్ణి కౌంటరు నుంచి తప్పించి, ఇవాళ విచారణకని పిలిపించాను.”

“అంటే?”

“అంటే ఏముంది? ఇక్కడ తూచేశాక లోపలి సరుకు తీసేస్తోంది.”

“పార్సిల్ విప్పి, సరుకు తీసి, మళ్ళీ టేపు వేసి... అంత తీరిక ఎక్కడిదండీ ఆవిడకి?”

“నాకూ అదే అర్థం కాలేదు. అందుకే కెమెరా చూశా. మీరూ చూడండి ఆ చేతులు.”

మేనేజరు కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. పైకప్పు నుంచి తీసిన బొమ్మ. తుపాను నడినెత్తి, భుజాలు, చేతులు కనబడుతున్నాయి. ఎడమ చెయ్యి తూగిన పార్సిల్‌ను బెల్టు వైపు జరుపుతోంది. దాని వెనక అంచు కాటా దిగకముందే కుడిచెయ్యి తర్వాతి పార్సిల్ ముందు అంచును కాటా ఎక్కించేస్తోంది. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతోంది. ఏ చెయ్యి ఎప్పుడు స్కానరు పట్టుకుందో, ఎప్పుడు స్టిక్కరు అంటించిందో కంటికి ఆనడం లేదు.

“చూశారా? పెట్టెలు ఎలా మార్చేస్తోందో! ఇన్నాళ్ళూ పనితనం అనుకుని మెచ్చుకున్నానండీ. సిగ్గేస్తోంది.”

మేనేజరుకు అందులో చేతివాటం కనబడింది. ప్రోగ్రామరుకు కాటా పళ్ళెం కనబడింది. ఆ పళ్ళెం ఒక్క క్షణం కూడా ఖాళీ కావటం లేదు.



ఆ కాటా యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటరుకు ఎడతెగకుండా కబురు పంపుతూనే ఉంటుంది. పైన ఏమీ లేకపోతే సున్నా అంటుంది. బరువు ఊగుతుంటే ఊగుతోందనీ, కుదురుకుంటే కుదురుకుందనీ చెబుతుంది. ఆ రొదలోంచి పనికొచ్చే అంకెను పట్టుకోవడమే అతను రాసిన ప్రోగ్రాం పని. ఒకే పార్సిల్‌ను రెండుసార్లు తూచినట్టు పడకూడదని అందులో ఒక షరతు పెట్టాడు. ఒకసారి సున్నా కనబడితేనే కొత్త బరువు తీసుకోవాలి. సున్నా రాలేదంటే ఇంకా పాత పార్సిలే పైన ఉన్నట్టు, పాత బరువే ఖాయం. అది రాసిన రోజు తన ముందుచూపుకు తానే మురిసిపోయి ఇంకో కప్పు కాఫీ తాగాడు కూడా.

కాటాకు ఖాళీ అయ్యే తీరిక కూడా ఇవ్వకుండా పనిచేసే మనిషి ఒకరుంటారని అతనికి తోచలేదు. బరువైన పెట్టె వెనక తేలికది వస్తే, తేలికదాని మీద బరువైనదాని అంకె పడుతోంది. అవతల ఊళ్ళో తూచేవాళ్ళకు అది తరుగు. తరుగంటే దొంగతనం.

“మీరేమంటారు?” అన్నాడు మేనేజరు.

అనాల్సిందంతా నాలుక చివర ఉంది. ప్రోగ్రాం కాంట్రాక్టు గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. పొడిగించమని సిఫార్సు చేయాల్సింది ఈ మేనేజరే.

“కొంచెం చూసి చెప్తానండీ,” అని లేచాడు.

బయట బెంచీ ఖాళీగా ఉంది. మొదటి కౌంటరు దగ్గర ఎవరో కొత్తమ్మాయి పార్సిల్ పెట్టి, అంకె చూసి, పార్సిల్ దించి, ఊపిరి పీల్చుకుని ఇంకొకటి పెడుతోంది. ఆమె వెనక పార్సిళ్ళు గుట్టపడుతున్నాయి.

కొత్త కాటాను బిగించకుండానే అతను ఇంటికి పట్టుకొచ్చాడు. భోజనాల బల్ల మీద పెట్టి లాప్‌టాప్‌కు తీగ తగిలించాడు. మొదట్లో ప్రోగ్రాంను పరీక్షించింది కూడా ఈ బల్ల మీదే. అప్పుడు పంచదార పొట్లం పెట్టాడు, అంకె చూశాడు, తీశాడు, టీ తాగాడు, పుస్తకం పెట్టాడు. కాలు మీద కాలేసుకుని చేసిన పరీక్ష. నిలబడి, చెమటలు కక్కుతూ, వెనక లారీ హారన్ కొడుతుండగా చేసే పనిని ఇంట్లో కూర్చుని తూచినట్టు తూచాడు.

ఇప్పుడు పంచదార పొట్లాన్ని ఎడమచేత్తో జరుపుతూ కుడిచేత్తో పక్కనున్న చెప్పును పైకెక్కించాడు. వంటింట్లోంచి వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

“చెప్పులు తినే బల్ల మీదకి ఎక్కాయేంటి? మీకు గానీ మతిపోయిందా?”

“ఆ అంకె చూడు.”

ఆమె తుడుచుకుంటున్న చేతులతోనే వంగి చూసింది. “చెప్పు ఇంత బరువా?”

“అది పంచదార బరువు.”

“అయితే మీ ప్రోగ్రాం లెక్కలో నా చెప్పూ పంచదారా ఒకటేనన్నమాట,” అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగింది.

అతను జరిగింది చెప్పాడు. సంచీ బోర్లించడం, గొడుగు విప్పడం, ‘బాగున్నారా సార్’ అనడం. చెబుతుంటే అతనికే తన గొంతు అసహ్యంగా వినిపించింది. చివర్లో కాంట్రాక్టు సంగతి కూడా నసిగాడు.

ఆమె చెప్పు తీసి కింద పడేసి బల్ల తుడవసాగింది. “మీకు పోతే కాంట్రాక్టు పోతుంది. ఆవిడకి పేరు పోతోంది. ఆ వయసులో దొంగ అనిపించుకుని ఎక్కడికి వెళ్తుంది? రేపు పొద్దున్నే చెప్పేయండి. లేకపోతే ఈ ఇంట్లో నేను మీతో మాట్లాడను.”

మర్నాడు అతను చెప్పేశాడు. వాక్యాలు బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చాడు గానీ, మేనేజరు ఎదుట అన్నీ తారుమారయ్యాయి. ‘లోపం’ అనాల్సిన చోట ‘చిన్న ఇది’ అన్నాడు. అయినా మొత్తానికి సంగతి బయటపెట్టాడు. మేనేజరు బిళ్ళ చప్పరిస్తూ శ్రద్ధగానే విన్నాడు.

“అలాగైతే కొన్ని ఎక్కువ కూడా తూగాలి కదండీ అక్కడ?”

“తూగే ఉంటాయి. ఎక్కువొచ్చిందని ఎవరు ఫిర్యాదు చేస్తారు? తక్కువొచ్చినవే రాసి పంపుతారు.”

“ఊఁ.”

“సరుకు పోయిందని పార్సిల్ అందుకున్నవాళ్ళెవరైనా అన్నారా?”

“అనేదాకా ఆగమంటారా?” మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. “మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆవిణ్ణి కౌంటరు నుంచి తప్పించినప్పటి నుంచి ఒక్క తేడా లేదు. ప్రోగ్రాం అదే, కాటా అదే. మనిషి మాత్రం మారింది.”

“అదేనండీ నేను చెప్పేది! ఇంకెవరూ అంత వేగంగా...”

“వేగంగా చేయడం కూడా నేరమేనా అని అడుగుతారు పైవాళ్ళు. అడిగితే నేనేం చెప్పాలి? దొంగ దొరికిందని రాసేశాను. ఇప్పుడు దొంగ మన ప్రోగ్రామని రాయాలా?” ఇంకో బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. “సరే. నేనూ ఆడపిల్లలున్నవాణ్ణే. ఊరికే ఎవరి ఉసురూ పోసుకోను. రేపు ఆవిణ్ణి పిలిపిద్దాం. నా కళ్ళ ముందు చేయించండి. మీరన్నట్టు తప్పు అంకె పడితే నేనే పై ఆఫీసుకు రాస్తాను, పొరపాటు మాదని. మాటంటే మాటే.”

అతనికి ఒంట్లో బరువంతా దిగిపోయింది. రేపు తుపాను వస్తుంది, రెండు చేతులూ ఆడిస్తుంది, మూడో పార్సిల్‌కో నాలుగో దానికో తప్పు అంకె పడుతుంది. అంతకన్నా తేలికైనది ఇంకేముంది?

తుపాను చెల్లెలు ఆ గోడౌన్లోనే టేపు వేసే బల్ల దగ్గర పనిచేస్తుంది. అతను తిన్నగా అక్కడికి వెళ్ళాడు. ఈ గొడవ మొదలైనప్పటి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. ఇరుగుపొరుగు బల్లలవాళ్ళు తమ సంచులు కూడా దూరంగా జరుపుకున్నారు. అతను దగ్గరికి రాగానే ఆమె బెదిరిపోయి లేచి నిలబడింది.

“మీ అక్కని రేపు రమ్మనండి. పరీక్షలాంటిది పెడుతున్నారు. మేనేజరు గారే చూస్తారు. బాగా జరిగితే అంతా సర్దుకుంటుంది.”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “సరిగ్గా భోజనం కూడా చేయట్లేదు సార్ అక్క. గోడకేసి తిరిగి పడుకుంటోంది. మా బావ పైకి ఏమీ అనడు గానీ, ఆయన కూడా... నేను చెప్తాను సార్. జాగ్రత్తగా చేయమని మరీ మరీ చెప్తాను.”

“ఆఁ, చెప్పండి,” అన్నాడతను. ఆమె చివరన్న మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. సంతోషంలో ఉన్నవాడికి వినికిడి తక్కువ.

మర్నాడు తుపాను ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది. జుట్టు తడిచేసి, ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా దువ్వుకుంది. గోళ్ళు తీసుకుంది. ముఖం పీక్కుపోయింది. చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకొచ్చి, చెవిలో ఏదో చెప్పి, రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. టేపు బల్లలవాళ్ళు పని చేస్తున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నారు.

మేనేజరు పక్కన పాతకాలపు ముల్లు కాటా ఒకటి పెట్టించాడు. ఇక్కడ స్టిక్కరు పడ్డ ప్రతి పార్సిల్‌ను అక్కడ గార్డు మళ్ళీ తూస్తాడు. అంకెలు కలిస్తే ఒక మాట, కలవకపోతే ఇంకో మాట.

“మొదలుపెట్టండమ్మా. ఎప్పటిలాగే చేయండి,” అన్నాడు ప్రోగ్రామరు.

ఆమె మొదటి పార్సిల్‌ను రెండు చేతులతో ఎత్తింది. నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు కాటా మీద పెట్టింది. చేతులు వెనక్కి తీసుకుంది. అంకె కుదురుకునేదాకా చూసింది. స్కానరు చూపించింది, స్టిక్కరు అంటించి అరచేత్తో నలువైపులా అద్దింది. మళ్ళీ రెండు చేతులతోనూ ఎత్తి బెల్టు మీద పెట్టింది. తిరిగొచ్చి, కాటా వైపు చూసింది. సున్నా వచ్చింది. అప్పుడు రెండోది ఎత్తింది.

“సరిపోయింది సార్,” అన్నాడు గార్డు.

రెండోదీ సరిపోయింది. ఆ తర్వాతదీ సరిపోయింది.

ప్రోగ్రామరు ముందుకు వంగాడు. “అమ్మా, ఇంత నెమ్మది అక్కర్లేదు. మీరెప్పుడూ ఎలా చేస్తారో అలా.”

“ఎప్పటిలాగే చేస్తున్నాను సార్,” అంది ఆమె, నిజంగానే అలా నమ్మినట్టు.

“కాదు, ఒక చెయ్యి దించుతుంటే రెండో చెయ్యి...”

“మీరు నేర్పకండి,” అన్నాడు మేనేజరు. కసిరినట్టు కాదు, మామూలుగానే.

ఆమె పాపం ప్రయత్నించింది. ఎడమచేత్తో పార్సిల్‌ను జరుపుతూ కుడిచేత్తో ఇంకొకటి అందుకుంది. ఆ చెయ్యి గాల్లోకి లేచి, కాటా దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. ఎడమచెయ్యి పూర్తిగా ఖాళీ చేసేదాకా కదలలేదు. సున్నా వచ్చాకే దిగింది. దొంగ అని పిలిపించుకున్న చేతులు అవి. ఇక తొందరపడటం వాటి వల్ల కాదు.

పార్సిళ్ళు అయిపోయాయి. ఒక్కటీ తప్పు పోలేదు.

వెనకనుంచి చెల్లెలు ఆపుకోలేక ముందుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. “చూశారా సార్! మా అక్క ఒక్క తప్పు కూడా చేయలేదు! ఒక్కటంటే ఒక్కటి!”

తుపాను కూడా మేనేజరు వైపు చూసింది. అన్నాళ్ళకు తలెత్తి చూసింది. పెదవుల చివర నవ్వు లాంటిది మొదలైంది. గెలిచామనుకుంటున్నారు ఇద్దరూ. అది చూసి ప్రోగ్రామరుకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

పారిపోకుండా తనే కౌంటరు లోపలికి దూరాడు. రెండు పార్సిళ్ళు లాక్కుని, ఒకటి జరుపుతూ ఇంకొకటి ఎక్కించబోయాడు. మొదటిది కిందపడింది. మళ్ళీ తీసి పెట్టి, మళ్ళీ చేశాడు. ఈసారి కుదిరింది. చిన్న పెట్టె మీద పెద్ద పెట్టె బరువు పడింది.

“ఇదిగో! ఇదేనండీ నేను చెప్పింది!”

మేనేజరు ఆ స్టిక్కరు తీసుకుని చదివి, తిరిగి ఇచ్చాడు. “చూశానండీ. కాదనట్లేదు. తప్పుగా చేస్తే తప్పొచ్చింది. అది మార్చేయండి, మంచిదే. కానీ ప్రోగ్రాం రాసింది మీరు. దాన్ని ఎక్కడ గిల్లితే ఏడుస్తుందో మీకు తెలుసు. ఆవిడ అలా చేయలేదుగా? మనందరి ముందే చేసింది. ఎంత చక్కగా చేసింది!” అని గొంతు బాగా తగ్గించాడు. “ఆవిడ చేతిలో కాటా సరిగ్గానే పనిచేస్తోంది. మరి ఆ తరుగంతా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?”

తగ్గించినా అందరికీ వినబడింది. చెల్లెలి ముఖంలో వెలుగు ఇంకా అలాగే ఉంది, మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె అక్క వైపు చూడలేక టేపు బల్ల వైపు చూసింది. జాగ్రత్తగా చేయమని పదేపదే చెప్పింది తనే మరి.

తుపాను సంచీ తీసుకుంది. గేటు దగ్గర తనే దాన్ని విప్పి గార్డు ముందు పట్టుకుంది. “వద్దులేమ్మా,” అన్నాడు గార్డు. “చూడండి, పర్లేదు,” అంది ఆమె. అతను చూసేదాకా కదలలేదు.

సున్నా షరతును ప్రోగ్రామరు ఆ సాయంత్రమే తీసేశాడు. చిన్న మార్పు. కొత్త స్కాను పడితే కొత్త పార్సిల్ అనుకోవాలి, బరువు ఊగి మళ్ళీ కుదురుకునేదాకా ఆగాలి, పాత అంకెను పారేయాలి. ఇప్పుడు చేతులు ఎంత వేగంగా ఆడించినా తప్పు రాదు. అంత వేగంగా ఆడించే చేతులే అక్కడ లేవు. రెండు కౌంటర్ల దగ్గరా ఇద్దరమ్మాయిలు పార్సిల్ పెడుతూ, దించుతూ, జడలు సవరించుకుంటూ ఉన్నారు. మేనేజరు కాంట్రాక్టుకు సిఫార్సు చేశానని చెప్పి, భుజం తట్టాడు. “నిజాయితీగా వచ్చి చెప్పారు. ఈ రోజుల్లో అది గొప్ప,” అన్నాడు. ఇంటికెళ్ళి ఆ మాట భార్యకు చెప్పలేకపోయాడు.

కొన్నాళ్ళకు, పని పోయిన తుపాను ఇప్పుడెక్కడ చేస్తోందని చెల్లెల్ని అడిగితే మార్కెట్ వీధిలో పళ్ళ దుకాణం గుర్తులు చెప్పింది. పాత పని సంగతులు ఆరా తీయని చోటు అదొక్కటే దొరికిందట. ముఖం ఎత్తకుండానే చెప్పి, టేపు చించుకుంది.

దుకాణం చిన్నది. నారింజలు, ద్రాక్ష, ఆపిళ్ళు మెట్లు మెట్లుగా పేర్చి ఉన్నాయి. తుపాను చిన్న కాటా వెనక నిలబడి ఉంది. ముందు వరసలో జనం కాళ్ళు మార్చుకుంటున్నారు. ఆమె ఒక సంచీ తూచి, రెండు చేతులతో దించి ఇచ్చి, కాటా వైపు చూస్తూ ఆగుతోంది. ఆ తర్వాతే ఇంకో సంచీకి చెయ్యి చాపుతోంది. తన చేతిలోని సంచీ తీసుకోమని ఒక పెద్దావిడ ముందుకు తోస్తున్నా తీసుకోవటం లేదు.

“ఏంటమ్మా, ఒక్కొక్కరికీ ఒక్కో పూటా?” గల్లా దగ్గర్నుంచి దుకాణదారు అరిచాడు. “చెయ్యి ఆడించు! నిన్న కూడా ఇదే చెప్పాను. ఇలాగైతే రేపట్నుంచి వేరే మనిషిని చూసుకుంటాను.”

“అలాగేనండీ,” అంది ఆమె. అని, మళ్ళీ కాటా వైపు చూస్తూ ఆగింది.

ప్రోగ్రామరు వరసలో నిలబడి, చేతికందిన నారింజలు నాలుగు సంచీలో వేసుకున్నాడు. ముందువాళ్ళ ద్రాక్ష సంచీ కాటా మీద ఉండగానే, వెనక నిలబడ్డ అతన్ని ఆమె గుర్తుపట్టింది. ఇక్కడ సార్ కాదు, బాబు అయ్యాడు.

“మీరా బాబూ! ఈ పక్కనే ఉంటారా?”

“లేదండీ. మీకు చెబుదామనే వచ్చాను. ప్రోగ్రాం సరిచేశాను. తప్పు దానిదే. మీది కాదు. నాది.”

“మేనేజరు గారు ఒప్పుకున్నారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె పక్కకు జారిన నారింజను మెట్టు మీదికి సర్దింది. “పోనీలెండి. అంత తొందర నాకెందుకు చెప్పండి. నేను కాస్త నిదానంగా చేసుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఎవరో ఏదో తీశారనే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆలోచిస్తే, నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను బాబూ. అన్నిసార్లు తప్పు పడిందంటే నాలోనే ఏదో ఉండుండాలి.”

“లేదమ్మా, నేను చెప్తున్నాను కదా...”

“పెద్ద మనసుతో అంటున్నారు, నాకు తెలుసు.”

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. దుకాణదారు గల్లా మీద చేత్తో చరిచాడు. ప్రోగ్రామరు కంగారుగా తన సంచీని కాటా మీదకు చాపాడు. దాని మీంచి ద్రాక్ష సంచీ అప్పుడే దిగుతోంది.

తుపాను అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. రెండో చేత్తో ద్రాక్ష పూర్తిగా పక్కకు తీసింది. ఖాళీ పళ్ళెం మీద అంకెలు ఊగుతున్నాయి. వాటి మీంచి ఆమె చూపు తిప్పలేదు.

“ఆగండి బాబూ,” అంది మెల్లగా. “సున్నా రానివ్వండి.”